ఆనర్స్ ఆల్జీబ్రా 2లో 74... హోంవర్క్‌కి పదే మార్కులా? టీచర్ పాఠమే చెప్పడా?

డాలస్_అమ్మ · ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతూనే ఉన్నా, రాయడం మాత్రం ఇదే మొదలు.

మా అమ్మాయి టెన్త్ గ్రేడ్, ఆనర్స్ ఆల్జీబ్రా 2 (రెగ్యులర్ కన్నా కష్టమైన సెక్షన్). ఎనిమిదిలో ఆల్జీబ్రా 1, తొమ్మిదిలో ఆనర్స్ జామెట్రీ అయ్యాయి. రెండిట్లోనూ 95 కిందికి దిగలేదు. ఈ సెమిస్టర్ మొదటి టెస్టు 81, మొన్నటిది 74. టెస్టులకి 70 శాతం, క్విజ్‌లకి 20, హోంవర్క్‌కి 10. క్విజ్‌ల సగటు 85, హోంవర్క్ నూటికి నూరు. అన్నీ కలిపితే 81 చూపిస్తోంది. రాత్రి పదకొండు దాకా కూర్చుని చేసే హోంవర్క్‌కి విలువ అంతేనా?

ఇంకో బాధ. టీచర్ బోర్డు దగ్గర నిలబడి పాఠం చెప్పడట. క్లాసులోకి రాగానే తలా ఒక పేకముక్క ఇస్తాడు. ఒకే నంబరు వచ్చిన ముగ్గురూ ఒక జట్టు. గోడల నిండా వైట్‌బోర్డులు, జట్టుకి ఒకటే మార్కర్. లెక్క ఇచ్చి తను తిరుగుతూ ఉంటాడు. ఏదైనా అడిగితే "నువ్వేమనుకుంటున్నావ్?" అని ఎదురు అడుగుతాడు. పాఠం వీడియోలో ఇంటి దగ్గర చూసుకోవాలి.

74 వచ్చిన టెస్టులో ఒక లెక్క చూడండి: √(ఎక్స్ + 7) = ఎక్స్ − 5. మా అమ్మాయి రెండు వైపులా వర్గం చేసి, కారణాంకాలు తీసి 9, 2 అని తెచ్చింది. అయిదుకి మూడు వేశాడు. పక్కన "2?" అని గీసి వదిలేశాడు.

రెగ్యులర్‌కి మార్పించాలా, ట్యూషన్ పెట్టించాలా, టీచర్‌కి ఈమెయిల్ పెట్టాలా? మా ఆయన ఈమెయిల్ వద్దంటున్నారు, టీచర్ మనసులో పెట్టుకుంటాడని.

ఎంపీసీ_2004 · ఆదివారం రాత్రి 9:31

ఇదేం గోలండీ. మా ఇంటర్‌లో 75 మార్కుల పేపర్. రెండు మార్కులవి పది, నాలుగువి ఏడిస్తే అయిదు, ఏడువి ఏడిస్తే అయిదు. మూడు గంటలు. ఎక్కడ ఎంత వస్తుందో పరీక్షకి ముందే తెలిసేది. సార్ బోర్డు నింపేవారు, మేం నోట్సు నింపేవాళ్ళం. స్టెప్ రాస్తే స్టెప్ మార్కు. మీ అమ్మాయి స్టెప్పులన్నీ రాసింది, రెండు విలువలూ తెచ్చింది. రెండు మార్కులు కోయడం అన్యాయం. పేపర్ పట్టుకెళ్ళి అడగండి.

హ్యూస్టన్_నాన్న · ఆదివారం రాత్రి 9:44

ఎంపీసీ గారూ, 2 పెట్టి చూడండి ఒకసారి. ఎడమ పక్క √9, అంటే 3. కుడి పక్క 2 − 5, అంటే −3.

ఎంపీసీ_2004 · ఆదివారం రాత్రి 9:46

సరే. ఒప్పుకున్నా. ఆదివారం రాత్రి, నిద్రమత్తు.

తెనాలి_టీచరమ్మ · ఆదివారం రాత్రి 10:25

నేను న్యూజెర్సీలో పబ్లిక్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను, పన్నెండేళ్ళయింది. ఈ ఏడు ఆనర్స్ ప్రీకాలిక్యులస్ రెండు సెక్షన్లు, మామూలు ఆల్జీబ్రా 2 మూడు సెక్షన్లు. గోడకి అటు పక్క నుంచి చెప్తున్నా అనుకోండి.

ముందు ఆ అయిదు మార్కుల సంగతి. నేనైతే ఇలా పంచుతా: వర్గం చేసినందుకు ఒకటి, వర్గ సమీకరణం సరిగ్గా వచ్చినందుకు ఒకటి, 9, 2 తెచ్చినందుకు ఒకటి, రెండిటినీ మొదటి సమీకరణంలో వేసి చూసినందుకు ఒకటి, 2 ఎందుకు పనికిరాదో ఒక్క వాక్యం రాసినందుకు ఒకటి. మీ అమ్మాయి మొదటి మూడూ చేసింది, మూడు వచ్చాయి. 3 వర్గమూ 9, −3 వర్గమూ 9. వర్గం చేయగానే మైనస్ గుర్తు చెరిగిపోతుంది, దాంతో అసలు లెక్కలో లేని మూలం ఒకటి వచ్చి కూర్చుంటుంది. ఈ పాఠంలో నేర్పేదే అది. కారణాంకాలు తీయడం ఆల్జీబ్రా 1లోనే అయిపోయింది కదా, దానికి ఇప్పుడు మళ్ళీ మార్కులెందుకు? అయితే ఆ టీచర్ "2?" అని రాసి వదిలేయకుండా ఇంకో నాలుగు మాటలు రాసి ఉండాల్సింది. 150 పేపర్లు దిద్దేటప్పుడు చెయ్యి నొప్పి పుడుతుంది, నాకు తెలుసు. అయినా రాయాలి.

ఆనర్స్‌కీ రెగ్యులర్‌కీ సిలబస్‌లో పెద్ద తేడా ఉండదు. రెండూ ఒకే రాష్ట్ర ప్రమాణాల మీదే నడుస్తాయి. తేడా వేగంలో, లోతులో ఉంటుంది. రెగ్యులర్ టెస్టులో ప్రాక్టీసు చేసిన లెక్కే అంకెలు మార్చి ఇస్తాం. ఆనర్స్ టెస్టులో ఒకటో రెండో పిల్లలు మునుపు చూడనివి ఉండాలి. ఉదాహరణకి ఇదే లెక్కలో 7 బదులు కె పెట్టి, "కె ఎంతయితే ఈ సమీకరణానికి రెండు సాధనలు ఉంటాయి?" అని అడుగుతా. పద్ధతి కంఠతా పట్టినవాళ్ళు అక్కడ ఆగిపోతారు.

హోంవర్క్‌కి పది శాతమే ఎందుకంటే, ఇప్పుడు ఫోన్‌తో ఫొటో తీస్తే జవాబు స్టెప్పులతో సహా వచ్చేస్తుంది. మీ అమ్మాయి అలా చేసిందని అనడం లేదు. వీడియో పక్కన పెట్టుకుని చేసినా అంతే, అక్కడ చూపించిన దారి కళ్ళముందే ఉంటుంది. టెస్టులో ఉండదు. హోంవర్క్ 100, టెస్టు 74 అన్నారే, నేను మీ టీచర్‌నైతే ముందు ఆ తేడా గురించే మాట్లాడతా.

ఈమెయిల్ పెట్టండి. అయితే మీరు కాదు, అమ్మాయి పెట్టాలి. "నాకు ఎక్కువ మార్కులు ఎందుకు రాలేదు?" అని కాకుండా "పేపర్ పట్టుకుని ట్యుటోరియల్‌కి రావచ్చా?" అని అడగమనండి (ట్యుటోరియల్ అంటే క్లాసు కాని వేళలో టీచర్ విడిగా సాయం చేసే సమయం). పదో తరగతి పిల్ల తనే వచ్చి అడిగితే మనసులో పెట్టుకునే టీచర్‌ని నేనింకా చూడలేదు.

బేఏరియా_బాబాయ్ · ఆదివారం రాత్రి 11:08

ఆ ఆనర్స్ అనే మాట కోసం ఇంత టెన్షన్ అవసరమా అని నా సందేహం. మా కాలిఫోర్నియా సంగతి చెప్తా. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లు జీపీఏని, అంటే గ్రేడ్ల సగటుని, తమ పద్ధతిలో మళ్ళీ లెక్కేసుకుంటాయి. తొమ్మిదో గ్రేడ్ మార్కులు ఆ లెక్కలోకి రావు. అదనపు పాయింటు యూసీ ఆమోదించిన ఆనర్స్‌కీ ఏపీ లాంటి కోర్సులకే, అదీ ఎనిమిది సెమిస్టర్ల వరకే. స్కూల్ ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఆనర్స్ అని ఉన్నంత మాత్రాన అక్కడ పాయింటు వస్తుందన్న గ్యారంటీ లేదు. మా పెద్దవాడి ఆనర్స్ జామెట్రీకి రాలేదు. మేం దరఖాస్తు పెట్టేటప్పుడు తెలిసింది.

(ఇక్కడ ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు. మా అత్తగారు "మనవడు ఏపీ తీసుకున్నాడు" అంటే విజయవాడ వెళ్తున్నాడనుకున్నారు.)

డాలస్_అమ్మ · సోమవారం ఉదయం 6:50

టీచరమ్మ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. కొంచెం గుచ్చుకుంది, కానీ నిజమే.

బాబాయ్ గారూ, మాకు టెక్సస్‌లో ర్యాంకు గొడవ వేరు. 1997 చట్టం ప్రకారం క్లాసులో మొదటి పది శాతంలో ఉన్నవాళ్ళకి స్టేట్ యూనివర్సిటీల్లో నేరుగా సీటు. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో మాత్రం అది తగ్గుతూ తగ్గుతూ 2026 ఫాల్ నుంచి అయిదు శాతానికి వచ్చింది. ర్యాంకు లెక్కేసేది ఆనర్స్‌కి, ఏపీకి ఎక్కువ పాయింట్లిచ్చే జీపీఏతో. రెగ్యులర్‌కి మారితే అక్కడ దెబ్బ, ఆనర్స్‌లో బీ గ్రేడ్ వస్తే ఇక్కడ దెబ్బ.

హ్యూస్టన్_నాన్న · సోమవారం ఉదయం 8:15

మాదీ టెక్ససే అక్కా. ఆ ర్యాంకు లెక్కలేసి ఎక్సెల్ షీటు చేసిన వెధవని నేనే. చేసిన వారానికి తీసేశా. ముందు మీ స్కూల్ డిస్ట్రిక్ట్ (స్కూళ్ళని నడిపే స్థానిక సంస్థ) పాయింట్ల పట్టిక చూసుకోండి, ఒక్కో డిస్ట్రిక్ట్‌ది ఒక్కో రకం. చాలాచోట్ల రెగ్యులర్‌లో ఏ గ్రేడ్ కన్నా ఆనర్స్‌లో బీ గ్రేడ్‌కి పాయింట్లు పెద్దగా తగ్గవు.

సెమిస్టర్ మార్కు చాలామంది తప్పుగా ఊహించుకుంటారు. మా దగ్గర రెండు నైన్ వీక్స్‌కీ (సెమిస్టర్‌లో తొమ్మిదేసి వారాల రెండు భాగాలు) 40 చొప్పున, ఫైనల్‌కి 20. మావాడికి పోయిన సెమిస్టర్‌లో 88, 90.5 వచ్చాయి. 88లో 40 శాతం 35.2, 90.5లో 40 శాతం 36.2, మొత్తం 71.4. ఏ గ్రేడ్ రావాలంటే 90 కావాలి, మా స్కూల్లో 89.5ని 90గా తీసుకుంటారు. అంటే ఫైనల్‌లో 18.1 చాలు, నూటికి 90.5. రౌండింగ్ లేకపోతే 93 కావాల్సి వచ్చేది. ఆ అర మార్కు రూలు సిలబస్ కాగితంలో మూడో పేజీలో ఉంది. మావాడు ఆగస్టులో సంతకం పెట్టిచ్చాడు గానీ ఆ పేజీ తిప్పలేదు.

విశాఖ_టు_వర్జీనియా · సోమవారం మధ్యాహ్నం 12:40

కర్వ్ (పేపర్ కష్టమైతే అందరి మార్కులూ ఒక లెక్కలో పెంచడం) ఉందేమో కనుక్కోండి. మా అమ్మాయి టీచర్ కష్టమైన టెస్టుకి వర్గమూలం కర్వ్ వేస్తారు. వచ్చిన మార్కు వర్గమూలాన్ని పదితో గుణించడం. 64కి 80, 81కి 90, 49కి 70. క్లాసంతా పండగ చేసుకుంటారు.

హ్యూస్టన్_నాన్న · సోమవారం మధ్యాహ్నం 1:05

ఆ కర్వ్‌తో నాకు పేచీ ఉంది. 96 వచ్చినవాడికి రెండు మార్కులు కలుస్తాయి, 25 వచ్చినవాడికి పాతిక. ఎక్కువ లాభం సరిగ్గా 25 దగ్గరే, అవకలనం చేసి చూశా (ఆఫీసు మీటింగులో). చదివినవాడికి రెండు, చదవనివాడికి పాతిక!

తెనాలి_టీచరమ్మ · సోమవారం సాయంత్రం 4:30

క్లాసు సగటు 58 వచ్చిందంటే పిల్లలు చదవలేదనో, నేను పేపర్ తప్పుగా ఇచ్చాననో. సగంసార్లు రెండోదే. అప్పుడు కర్వ్ నా తప్పుకి నేను కట్టే జరిమానా. నాకు కర్వ్ కన్నా కరెక్షన్స్ ఇష్టం. పేపర్ వెనక్కిస్తా. ఎక్కడ తప్పారో, ఎందుకు తప్పారో రాసి, లెక్క మళ్ళీ చేసి తెస్తే పోయిన మార్కుల్లో సగం ఇస్తా. "సిల్లీ మిస్టేక్" అని రాస్తే ఒక్కటీ ఇవ్వను.

ఎంపీసీ_2004 · సోమవారం సాయంత్రం 5:10

రెండో ఛాన్సు ఉందని తెలిస్తే మొదటిసారి ఎవడు చదువుతాడండీ? మా రోజుల్లో ఎంసెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. కరెక్షన్సా, పాడా. తప్పితే లాంగ్ టర్మ్ కోచింగ్, ఇంకో ఏడాది.

బేఏరియా_బాబాయ్ · సోమవారం సాయంత్రం 5:32

ఆ ఏడాది పోగొట్టుకున్న మా తమ్ముణ్ణి అడుగు, మంచి పద్ధతో కాదో చెప్తాడు.

ఎంపీసీ_2004 · సోమవారం సాయంత్రం 5:40

అది కాదు నేనంది. సరే, వదిలేయండి. టీచరమ్మ గారిచ్చిన కె లెక్క చేశా. వర్గం చేస్తే ఎక్స్ వర్గం − 11 ఎక్స్ + (25 − కె) = 0. విచక్షణి 121 − 100 + 4కె, అంటే 21 + 4కె. అది సున్నా కన్నా ఎక్కువైతే రెండు మూలాలు. కాబట్టి కె −5.25 దాటితే రెండు సాధనలు, తక్కువైతే అసలు లేవు. రెండు నిమిషాల పని. ఇందులో చూడనిదేముంది?

తెనాలి_టీచరమ్మ · సోమవారం సాయంత్రం 5:58

కె = 7 కూడా −5.25 దాటింది కదండీ. మరి అక్కడ ఒకటే సాధన వచ్చిందేం?

ఎంపీసీ_2004 · సోమవారం సాయంత్రం 6:01

...

కూపర్టినో_కాలిక్యులస్ · సోమవారం రాత్రి 8:20

:) ఎంపీసీ గారూ, బాధపడకండి, నేనూ మొదట అదే రాశాను.

మా అబ్బాయి పోయినేడు ఏపీ కాలిక్యులస్ బీసీ (ఏపీలోని రెండు కాలిక్యులస్ పరీక్షల్లో పెద్దది) రాశాడు. వచ్చే రెండేళ్ళలో మీ అమ్మాయీ అక్కడికే చేరుతుంది కాబట్టి చెప్తున్నా. పరీక్షలో సగం బహుళైచ్ఛికం, సగం రాసేవి. రాసేవి ఆరు, ఒక్కోదానికి తొమ్మిది మార్కులు. అందులో కొన్ని జవాబుకి కాదు, కారణానికి. మధ్యంతర విలువ సిద్ధాంతం వాడితే ముందు "ప్రమేయం అవిచ్ఛిన్నం" అని రాయాలి, రాయకపోతే ఆ మార్కు పోతుంది. గరిష్ఠం ఎక్కడో కనుక్కుని ప్లస్ మైనస్ గుర్తుల చార్టు గీసి వదిలేస్తే చాలదు, అవకలజం ధనం నుంచి రుణంలోకి మారిందని మాటల్లో రాయాలి. మావాడు మాక్ టెస్టుల్లో ఇలాగే పోగొట్టుకున్నాడు. జవాబులన్నీ రైటే. "ఇంత చిన్న విషయం కూడా రాయాలా నాన్నా" అని విసుక్కునేవాడు. మీ అమ్మాయి పేపర్ మీద ఉన్న "2?" కూడా అలాంటిదే అనిపిస్తోంది.

పదకొండో_గ్రేడ్ · సోమవారం రాత్రి 9:05

హాయ్, ఇది మా అమ్మ అకౌంట్. నేను చెప్తుంటే అమ్మ టైప్ చేస్తోంది. నాకు తెలుగు రాయడం రాదు.

మా స్కూల్లో కూడా పోయినేడు పేకముక్కల క్లాసు ఉండేది. అందరూ అన్నంత గొప్పగా ఏం ఉండదు. ముగ్గురిలో ఒకడు మార్కర్ లాక్కుంటాడు, ఇద్దరు చూస్తుంటారు. నేను చాలా రోజులు చూస్తూ నిలబడ్డా. మా మిస్ ఒక రూల్ పెట్టాక మారింది: మార్కర్ పట్టుకున్నవాళ్ళు తమ ఐడియా రాయకూడదు, పక్కవాళ్ళు చెప్పిందే రాయాలి. అప్పుడు నోరు తెరవక తప్పలేదు. రాదని అందరికీ తెలిసిపోతుందని మొదట భయంగా ఉండేది. తర్వాత చూస్తే ఎవరికీ రాదు.

ఆ కె లెక్క డెస్మాస్‌లో (గ్రాఫులు గీసే వెబ్‌సైట్) వేశా. కె కి స్లైడర్ పెట్టి అటూ ఇటూ జరిపా. వర్గమూలం గ్రాఫు పడుకున్న సగం గిన్నెలా ఉంటుంది, ఎక్స్ − 5 గీత వాలుగా ఉంటుంది. కె −5.25 దగ్గర గీత గిన్నెని తాకుతుంది, ఒక చుక్క. కొంచెం పెంచితే రెండు చుక్కలు. సరిగ్గా −5 దగ్గర ఎడమ చుక్క గిన్నె కొసకి వచ్చేస్తుంది, ఎక్స్ 5, ఎత్తు సున్నా. −5 దాటగానే ఆ చుక్క జారి పడిపోతుంది. అంటే రెండు సాధనలు ఉండేది −5.25 నుంచి −5 మధ్యే. −5 కలుపుకోవాలి, −5.25 కలుపుకోకూడదు.

తెనాలి_టీచరమ్మ · సోమవారం రాత్రి 9:20

కరెక్ట్. టెస్టులో అయితే "ఎక్స్ − 5 రుణం కాకూడదు కాబట్టి" అన్న వాక్యం కూడా కావాలి. అది రాస్తే పూర్తి మార్కులు.

ఎంపీసీ_2004 · సోమవారం రాత్రి 9:33

చిన్నమ్మాయి చేతిలో ఓడిపోయినందుకు బాధ లేదు గానీ, మా సార్ ఎప్పుడూ "మూలాలను సరిచూడుము" అని బోర్డు మీద రాసేవారు. మేం దాన్ని అలంకారం అనుకుని వదిలేసేవాళ్ళం. ఇరవై ఏళ్ళ తర్వాత మార్కు కోశారు.

విశాఖ_టు_వర్జీనియా · మంగళవారం ఉదయం 7:40

ట్యూషన్ సంగతి ఎవరూ మాట్లాడలేదు. కుమాన్ లాంటి ట్యూషన్ సెంటర్లతో చెయ్యి వేగం వస్తుంది, క్యాలిక్యులేటర్ లేని టెస్టుల్లో అది పనికొస్తుంది. కానీ ఈ 74కి మందు అది కాదనిపిస్తోంది.

డాలస్_అమ్మ · శుక్రవారం సాయంత్రం 6:15

అప్‌డేట్. అమ్మాయే ఈమెయిల్ రాసింది. పంపే ముందు నేను దిద్దబోతే "అమ్మా, వద్దు" అంది. బుధవారం పొద్దున ఏడూ ఇరవైకి ట్యుటోరియల్‌కి రమ్మన్నారు. నేను కారులోనే కూర్చున్నా.

పేపర్ ముందు పెట్టుకుని పోయిన 26 మార్కులనీ ఇద్దరూ కలిసి మూడు కుప్పలు చేశారట. సరిచూడనందుకు, కారణం రాయనందుకు 11. క్యాలిక్యులేటర్ లేని భాగంలో భిన్నాల దగ్గర తప్పినవి 6. నిజంగా తెలియనివి 9. ఆ 9 విలోమ ప్రమేయాల పాఠంవి. ఆ వారం దానికి ఫ్లూ, రెండు రోజులు స్కూలుకి వెళ్ళలేదు. వీడియో చూసి హోంవర్క్ చేసేసింది, వచ్చేసిందనుకుంది, నేనూ అనుకున్నా.

ఆయన దగ్గర కూడా కరెక్షన్స్‌కి పోయినదాంట్లో సగం ఇస్తారు. సిలబస్ కాగితంలోనే ఉంది (హ్యూస్టన్ తమ్ముడూ, మూడో పేజీ కాదు, రెండో పేజీ). నిన్న రాత్రి కూర్చుని 26కీ రాసింది. 74 కాస్తా 87 అయితే మొత్తం 86కి దగ్గరగా వస్తుంది. రెగ్యులర్‌కి మారే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాం.

గోడ దగ్గర నిలబడే పద్ధతి మాత్రం నాకింకా మింగుడు పడలేదు. వారానికి ఒక్కరోజైనా ఆయన ముందు నిలబడి పాఠం చెప్తే ఏం పోతుంది? అదే మాట అమ్మాయితో అంటే, "చెప్తారమ్మా, చివరి పదిహేను నిమిషాలు. అందరి బోర్డులూ చూపించి చెప్తారు" అంది. ఈ సంగతి ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు. నేను అడగలేదట.

వచ్చే శుక్రవారం మళ్ళీ టెస్టు. లాగరిథమ్స్.

ఎంపీసీ_2004 · శుక్రవారం సాయంత్రం 6:22

నా ఇంటర్ లాగ్ టేబుల్స్ పుస్తకం ఇంకా దాచుకున్నా. అట్ట ఊడింది గానీ లోపల బాగానే ఉంది. పంపమంటారా?

డాలస్_అమ్మ · శుక్రవారం సాయంత్రం 6:40

అడిగానండీ. "లాగ్‌కి టేబులేంటి?" అంటోంది.